పెళ్లి ఫోటోలు డేటాబేస్‌లోనా, ఫోల్డర్లలోనా? వదినా మరుదుల పేచీ

ప్రశ్న: మాది తిరుపతిలో ఫోటో స్టూడియో. ఫోటోలు మా ఆయన తీస్తారు, కంప్యూటర్ పని, లెక్కలు నేను చూసుకుంటాను. బీటెక్ చదివిన మా మరిది రెండేళ్ల కిందట మా కోసం ఒక సాఫ్ట్‌వేర్ రాశాడు. పార్టీ పేరు, ఫోన్ నంబర్, పెళ్లి తేదీ, బాకీ, వీటితో పాటు ఫోటోలు కూడా మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌లోనే ఉంటాయి. ఇప్పటికి 60 వేల ఫోటోలు ఎక్కించాం, 480 జీబీ దాకా అయింది. అంతకు ముందువి పాత హార్డ్ డిస్కుల్లో ఉన్నాయి. మొదట్లో బాగానే నడిచింది. ఇప్పుడు పేరు వెతికినా ఆలస్యమే. బ్యాకప్ రాత్రి పెడితే తెల్లారినా అవదు, పోయిన నెల మధ్యలోనే ఆగిపోయింది. ఆల్బమ్ డిజైన్ చేసే అబ్బాయి "ఫోల్డర్లలో పెట్టుకోండక్కా, ఎందుకీ గోల" అంటాడు. మరిదేమో "ఫోల్డర్లలో పెడితే ఎవరో ఒకరు చెరిపేస్తారు వదినా, పెద్ద కంపెనీలన్నీ డేటాబేస్‌లోనే పెడతాయి" అంటాడు. ఎవరి మాట వినాలి? కొత్త కంప్యూటర్ కొనాలా?
— ఒక పాఠకురాలు, తిరుపతి

సమాధానం: అమ్మా, అసలు ఫోటోలను డేటాబేస్ నుంచి బయటికి తీసి ఫోల్డర్లలో పెట్టండి. వాటి వివరాలను మాత్రం డేటాబేస్‌లోనే ఉంచండి. ఆల్బమ్ అబ్బాయి చెప్పింది సగం నిజం. మీ మరిది భయం కూడా ఉత్తిది కాదు. దానికి మందు వేయకుండా ఫోల్డర్లకు మారితే ఇప్పుడున్న తలనొప్పి పోయి ఇంకోటి పట్టుకుంటుంది.

అలిపిరి నుంచి నడిచి కొండెక్కేవాళ్లు కింద కౌంటర్‌లో లగేజీ ఇచ్చి రసీదు తీసుకుంటారు. బ్యాగు బండిలో పైకి వెళ్తుంది, రసీదు జేబులో ఉంటుంది, పైన చూపిస్తే బ్యాగు చేతికి వస్తుంది. బ్యాగునే తీసుకెళ్లి రిజిస్టర్‌లో అంటించాలని ఎవరూ అనుకోరు. మీ డేటాబేస్ చేస్తున్నది మాత్రం సరిగ్గా అదే. ఫలానా ఫోటో ఎవరిది, ఎప్పటిది, ఎక్కడుంది అన్న రసీదు రాసుకోవడం దాని పని. 8 ఎంబీ ఫోటోను మోయడం దానికి చేతకాదని కాదు, చేతనవును. మైఎస్‌క్యూఎల్‌లో లాంగ్‌బ్లాబ్ అనే గడిలో 4 జీబీ దాకా పడుతుంది. కానీ పట్టినంత మాత్రాన పెట్టాలని లేదు కదా.

మీ ఇబ్బందులు ఎక్కడినుంచి వస్తున్నాయో ఒక్కొక్కటి చూద్దాం. మైఎస్‌క్యూఎల్‌లో సమాచారాన్ని డిస్కు మీద దాచే భాగం పేరు ఇన్నోడీబీ. అది సమాచారాన్ని 16 కేబీ ముక్కలుగా, అంటే పేజీలుగా దాస్తుంది. 8 ఎంబీ ఫోటో అంటే 500కు పైగా పేజీలు. చదివిన పేజీలను మళ్లీ పనికొస్తాయని మెమరీలో కొంత చోటు ఇచ్చి ఉంచుకుంటుంది. ఆ చోటు ఎవరూ మార్చకపోతే 128 ఎంబీ మాత్రమే. అంటే 16 ఫోటోల పాటి. పేర్లూ నంబర్లూ ఉండాల్సిన ఆ చోటు కోసం మీరు తెరిచే ప్రతి ఫోటో ముక్కలూ పోటీ పడతాయి. పైగా ఇన్నోడీబీ పొరపాటు జరిగితే కోలుకోవడానికి వీలుగా మార్పులను లాగ్‌లో కూడా రాస్తుంది. వెర్షన్ 8 నుంచి బైనరీ లాగ్ అనే ఇంకో పుస్తకం కూడా తనంతట తానే తెరుచుకుని ఉంటుంది, దాన్ని ముట్టుకోకపోతే 30 రోజుల పాటు అట్టే పెడుతుంది. అంటే మీరు ఒక్కసారి ఎక్కించిన ఫోటో డిస్కు మీద రెండు మూడు చోట్ల పడుతోంది. బాకీ లెక్కకు ఈ జాగ్రత్త అంతా అవసరమే. తలంబ్రాల ఫోటోకు ఎందుకు?

పేరు వెతికినా ఆలస్యం అన్నారు. దీనికి నా అనుమానం వేరే. మరిదిని ఒక్కసారి కోడ్ తెరిచి చూడమనండి. వెతికే చోట 'సెలెక్ట్ స్టార్' అని రాసి ఉంటే, పేరు అడిగిన ప్రతిసారీ ఆ పార్టీ ఫోటోలన్నీ కూడా లాక్కొస్తోందన్నమాట. కావలసిన గడుల పేర్లు మాత్రమే రాస్తే సరిపోతుంది. ఇది ఒక సాయంత్రం పని. ఫోటోలు బయటికి తీయడానికి ఇంకా టైమ్ పడుతుంది కాబట్టి ముందు ఇది చేయించండి, వెంటనే ఊపిరి ఆడుతుంది.

బ్యాకప్ సంగతికి వస్తే, అసలు చిక్కు ఇక్కడే ఉంది. రెండేళ్ల కిందటి పెళ్లి ఫోటో మళ్లీ మారదు. మారేది బాకీ, ఫోన్ నంబర్, ఆల్బమ్ ప్రింటింగ్‌కు వెళ్లిందా లేదా అన్నది. మారనివీ మారేవీ ఒకే డబ్బాలో పెట్టారు కాబట్టి, మైఎస్‌క్యూఎల్ డంప్ (డేటాబేస్ మొత్తాన్ని ఒక ఫైలుగా రాసుకునే బ్యాకప్) తీసిన ప్రతిసారీ 480 జీబీ మొత్తం మొదటినుంచీ కాపీ అవుతోంది. 'హెక్స్ బ్లాబ్' ఆప్షన్ పెట్టి ఉంటే ఫోటోల సైజు రెట్టింపు అవుతుంది, ఎందుకంటే ఒక్కో బైటును రెండు అక్షరాలుగా రాస్తుంది. తెల్లారినా అవకపోవడంలో వింత లేదు. విడదీశాక ఏమవుతుందో చూడండి: ఫోటోకు ఒక వరుస చొప్పున 60 వేల వరుసల వివరాలు కొన్ని పదుల ఎంబీలకు మించవు, ఆ డంప్ నిమిషంలోపు అయిపోతుంది. ఫోటోల వైపు ఆ రోజు కొత్తగా వచ్చినవి మాత్రం కాపీ చేస్తే చాలు. విండోస్‌లో రోబోకాపీ అని ఉండనే ఉంది, లైనక్స్ అయితే ఆర్‌సింక్. ఒక హెచ్చరిక: రోబోకాపీలో 'మిర్' అనే ఆప్షన్ పెడితే ఇక్కడ చెరిగినవి బ్యాకప్‌లో కూడా చెరిగిపోతాయి. ఒరిజినల్స్‌కు అది వాడకండి.

ఇది నా ఒక్కడి అభిప్రాయం కాదు. 2006లో మైక్రోసాఫ్ట్ రీసెర్చ్ నుంచి రసెల్ సియర్స్, క్యాథరిన్ వాన్ ఇంగెన్, జిమ్ గ్రే కలిసి సరిగ్గా ఈ ప్రశ్న మీదే ఒక నివేదిక ఇచ్చారు. జిమ్ గ్రే అంటే డేటాబేస్‌ల మీద చేసిన పనికి 1998లో ట్యూరింగ్ అవార్డు అందుకున్న మనిషి, డేటాబేస్ అంటే గిట్టనివాడు కాదు. మైక్రోసాఫ్ట్ డేటాబేస్ అయిన ఎస్‌క్యూఎల్ సర్వర్ 2005నూ, విండోస్ వాడే ఎన్‌టీఎఫ్‌ఎస్ ఫైల్ సిస్టమ్‌నూ పక్కపక్కన పెట్టి చూశారు. 256 కేబీ కంటే చిన్నవి డేటాబేస్‌లో బాగుంటాయి, 1 ఎంబీ దాటినవి ఫైళ్లుగా బాగుంటాయి, మధ్యలోవి పనిని బట్టి అని తేల్చారు. ఒకే ఫైలులో ఇమిడిపోయే చిన్న డేటాబేస్ ఎస్‌క్యూలైట్‌ను తయారు చేసేవాళ్లు తమ పరీక్షల్లో ఆ గీతను ఇంకా కిందికి, 100 కేబీ దగ్గర గీశారు. అప్పటి డిస్కులు వేరు, ఇప్పటివి వేరు. గీత అటూ ఇటూ జరగొచ్చు. కానీ మీ ఒరిజినల్ 8 ఎంబీ, గీతకు ఎంతో దూరంలో ఉంది. మీ సాఫ్ట్‌వేర్‌లో వరుసగా కనపడే చిన్న బొమ్మలు, ఆ థంబ్‌నెయిల్స్, 30 కేబీ అనుకుందాం. అవి గీతకు ఇవతల ఉన్నాయి. కాబట్టి థంబ్‌నెయిల్స్‌ను డేటాబేస్‌లో ఉంచుకుంటానని మీ మరిది అంటే నిక్షేపంగా ఉంచుకోనివ్వండి. కాకపోతే వేరే టేబుల్‌లో.

"పెద్ద కంపెనీలు" అన్న మాటకు కూడా జవాబు ఉంది. ఫేస్‌బుక్ తన ఫోటోల నిల్వ గురించి 2010లో ఒక పరిశోధన పత్రం ప్రచురించింది. అప్పటికే వాళ్ల దగ్గర 26,000 కోట్ల బొమ్మలు, 20 పెటాబైట్లకు పైగా. అన్ని ఫైళ్లు ఉంటే, బొమ్మ చదవడం కంటే ముందు ఆ ఫైలు ఎక్కడుందో వెతకడానికే డిస్కు పలుమార్లు తిరగాల్సి వచ్చింది. దాంతో లెక్కలేనన్ని బొమ్మలను ఒకే పెద్ద ఫైలులో వరుసగా పేర్చి, ఏది ఎక్కడుందన్న సూచికను మెమరీలో పెట్టుకున్నారు. గమనించారా, వాళ్లూ ఫోటోలను మామూలు డేటాబేస్ గడుల్లో పెట్టలేదు. వాళ్ల కష్టం వాళ్లది. 60 వేల ఫోటోలకు ఆ వైద్యం అక్కర్లేదు.

మీకు ఇంకో పెద్ద లాభం ఉంది, దీనికి పరిశోధన ఏమీ అవసరం లేదు. ఫోటోషాప్‌కూ లైట్‌రూమ్‌కూ ఫైలు కావాలి. ఇప్పుడు ఆల్బమ్ చేయాలంటే డేటాబేస్ నుంచి ఫోటోలు దించి, డిజైన్ చేసి, మళ్లీ ఎక్కిస్తున్నారేమో. ఆ అబ్బాయి గోల అనడంలో తప్పు లేదు.

ఇక ఫోల్డర్లు ఎలా కట్టాలి? స్టూడియోల్లో ఎక్కువగా కనపడే అలవాటు జిల్లా, ఊరు, పెళ్లికొడుకు ఇంటిపేరు అని ఫోల్డర్ మీద ఫోల్డర్ వేసుకుపోవడం. దయచేసి అలా వద్దు. 2022 ఏప్రిల్ 4కు ముందు శ్రీకాళహస్తి పెళ్లిని చిత్తూరు జిల్లా ఫోల్డర్‌లో వేసినవాళ్లు, ఆ తర్వాత పెళ్లిని తిరుపతి జిల్లా ఫోల్డర్‌లో వేయాల్సి వచ్చింది. మదనపల్లె అదే రోజు అన్నమయ్య జిల్లాలోకి వెళ్లింది. ఒకే ఇంట్లో అక్క పెళ్లి ఒక జిల్లాలో, చెల్లెలి పెళ్లి ఇంకో జిల్లాలో. మారే అవకాశం ఉన్న ఏ సంగతీ ఫోల్డర్ పేరులో ఉండకూడదు, అది డేటాబేస్‌లో ఒక గడిగా ఉండాలి. అక్కడ ఒక్క మాటతో మారిపోతుంది, ఫైలు కదలదు.

ఫోల్డర్‌కు సంవత్సరం, దాని లోపల జాబ్ నంబర్ చాలు. ఫైలు పేరు జాబ్ నంబర్, దాని పక్కన వరుస సంఖ్య. కెమెరా ఇచ్చే పేర్లు ఉంచుకోకండి. 9999 దాటాక కెమెరా మళ్లీ 0001 నుంచి మొదలెడుతుంది, పైగా పెళ్లికి రెండు కెమెరాలు తీసుకెళ్తారు. ఒకే పేరుతో రెండు ఫోటోలు వచ్చి ఒకదాని మీద ఒకటి పడే రోజు ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది. పెద్ద వెబ్‌సైట్లు చేసినట్టు అర్థం లేని పొడవాటి అక్షరాలతో పేర్లు పెట్టొచ్చు గానీ, స్టూడియోకు నేను అది చెప్పను. రేపు సాఫ్ట్‌వేర్ మొత్తం మొరాయించినా, రసీదు బుక్కు పట్టుకుని 2024లో 118వ జాబ్ అని మనిషి వెతుక్కోగలగాలి.

తెలుగులో ఫైలు పేర్లు పెట్టాలని ఉంటుంది, నాకూ ఇష్టమే. విండోస్‌లో పెద్దగా ఇబ్బంది రాదు. కానీ రేపు లైనక్స్ మీద నడిచే స్టోరేజ్ డబ్బా కొంటే, అక్కడ ఒక ఫైలు పేరుకు 255 బైట్లే హద్దు. తెలుగులో ఒక్కో అక్షరానికీ, గుణింతానికీ, వత్తు కోసం పడే పొల్లుకూ తలా 3 బైట్లు. 'శ్రీ' ఒక్కటే 12 బైట్లు. 'శ్రీనివాసమంగాపురం' అని రాస్తే 51 బైట్లు, అంటే హద్దులో అయిదో వంతు ఊరి పేరుకే అయిపోయింది. తెలుగు పేర్లను డేటాబేస్‌లో పెట్టండి, అక్కడ చోటుకు లోటు లేదు. వెతకడానికి మాత్రం ఫోన్ నంబర్‌నే ముందు పెట్టుకోండి. శ్రీనివాస్, శ్రీనివాసులు, శ్రీను అని ఒకే మనిషిని ముగ్గురు మూడు రకాలుగా రాసిపోతారు.

ఫోటో దారిని డేటాబేస్‌లో రాసేటప్పుడు 'డి డ్రైవ్' అని మొదలెట్టకూడదని మరిదికి చెప్పండి. డిస్కు మార్చిన రోజు డ్రైవ్ అక్షరం మారితే 60 వేల రసీదులూ తప్పు చిరునామా చూపిస్తాయి. సంవత్సరం దగ్గర నుంచి రాసి, ముందు భాగాన్ని సెట్టింగ్స్‌లో ఒక్కచోట ఉంచాలి.

ఇప్పుడు మరిది భయం. ఫోటో, దాని వివరం ఒకే డేటాబేస్‌లో ఉంటే రెండూ కలిసి చేరతాయి, లేదా రెండూ చేరవు. కరెంటు పోయినా సగం సగం ఉండదు. విడదీసిన రోజున ఈ హామీ పోతుంది. రసీదు ఉండి బ్యాగు లేకపోవచ్చు, బ్యాగు ఉండి రసీదు లేకపోవచ్చు. మొదటిది ప్రమాదం, రెండోది చెత్త మాత్రమే. కాబట్టి తప్పు జరిగితే రెండోదే జరిగేలా పని క్రమం పెట్టుకోవాలి. ఫోటోను ముందు తాత్కాలిక పేరుతో డిస్కు మీద పూర్తిగా రాయాలి. రాయడం అయ్యాక అదే డిస్కులో అసలు పేరుకు మార్చాలి. ఆ తర్వాతే డేటాబేస్‌లో వరుస చేర్చాలి. తీసేసేటప్పుడు ఇది తిరగబడుతుంది: ముందు వరుస, తర్వాత ఫైలు. ఇంకా నయం, వెంటనే ఫైలు చెరపకుండా 'తీసేసినవి' అనే ఫోల్డర్‌లోకి జరిపి కొన్ని నెలలు ఉంచడం.

రోజూ రాత్రి ఒక చిన్న ప్రోగ్రామ్ రెండు వైపులా సరిచూడాలి. ప్రతి వరుసకూ ఫైలు ఉందా, సైజు సరిపోయిందా, వరుస లేని ఫైళ్లు ఏవైనా మిగిలాయా అని. ఎక్కించేటప్పుడే ప్రతి ఫోటోకూ ఎస్‌హెచ్‌ఏ-256 లెక్క కట్టి డేటాబేస్‌లో దాచుకోండి. 64 అక్షరాల ఆ గుర్తు ఫోటోలో ఒక్క బిట్ మారినా మారిపోతుంది. నెలకోసారి అన్ని ఫోటోలకూ మళ్లీ కట్టి పోల్చితే డిస్కు పాడవుతున్న సంగతి కస్టమర్ కంటే ముందు మీకు తెలుస్తుంది. ఒకే మెమరీ కార్డును పొరపాటున రెండుసార్లు ఎక్కించినా దీంతోనే దొరికిపోతుంది.

ఎవరో చెరిపేస్తారన్నదానికి మందు ఇంకా తేలిక. ఒరిజినల్స్ ఫోల్డర్‌లో రాసే హక్కు సాఫ్ట్‌వేర్ నడిచే ఒక్క యూజర్‌కే ఇవ్వండి. మీతో సహా అందరికీ చదివే హక్కు మాత్రమే. ఆల్బమ్ అబ్బాయి తన వర్క్ ఫోల్డర్‌లోకి కాపీ తీసుకుని అక్కడ ఏం చేసుకున్నా పర్లేదు. ఈ హక్కుల సంగతి పట్టించుకోకుండా "డ్రైవ్ షేర్ చేశాం, అందరూ వాడుకోండి" అనే స్టూడియోలే ఎక్కువ. అలాంటి చోట మీ మరిది మాటే నిజమవుతుంది.

మరిది పద్ధతే మేలైన పని కూడా మీ స్టూడియోలో ఉండి ఉంటుంది. స్కూళ్ల ఐడీ కార్డుల ఆర్డర్లు తీసుకుంటారు కదా. ఒక్కో ఫోటో 40 కేబీ, పక్కనే పేరు, క్లాసు, రోల్ నంబర్. ఫోటో ఒకరిదీ పేరు ఒకరిదీ అయితే రచ్చ. ఇలాంటివి డేటాబేస్‌లోనే ఉండాలి. ఒక్కో స్కూలుకు ఒక్కో ఎస్‌క్యూలైట్ ఫైలు చేస్తే అదే బ్యాకప్, పని అయ్యాక పిల్లల ఫోటోలు చెరిపేయడం కూడా ఒక్క ఫైలుతో పోతుంది.

ఉన్నవాటిని బయటికి తీసే పని ముహూర్తాల్లో పెట్టుకోకండి. ఆషాఢంలో పెళ్లిళ్లు ఉండవు, అప్పుడు మొదలెట్టండి. మొదట కంప్యూటర్‌లో మైఎస్‌క్యూఎల్‌ను ఆపేసి, దాని డేటా ఫోల్డర్ మొత్తాన్ని ఒక ఖాళీ హార్డ్ డిస్కుకు కాపీ చేయండి. డంప్ మధ్యలో ఆగిపోతోంది కాబట్టి దాన్ని నమ్ముకోవద్దు. తర్వాత కొన్ని వందల ఫోటోల చొప్పున ఫైళ్లుగా రాసి, రాసినదాన్ని మళ్లీ చదివి, డేటాబేస్‌లో ఉన్నదానితో గుర్తు పోల్చి చూసి, దారిని కొత్త టేబుల్‌లో చేర్చాలి. పాత టేబుల్‌ను అప్పుడే ముట్టుకోవద్దు. అన్నీ సరిపోయాక కూడా ఒక సీజన్ అలాగే ఉంచండి. ఆ తర్వాత వరుసలు చెరిపితే చాలనుకోవద్దు. ఇన్నోడీబీలో వరుసలు చెరిపినా డిస్కు మీద ఫైలు చిన్నది కాదు. టేబుల్ మొత్తాన్ని తీసేస్తే ఆ చోటు తిరిగి వస్తుంది. మరిది ఇక్కడ తికమకపడి "చెరిపాను గానీ తగ్గలేదు వదినా" అంటే కారణం ఇదే. పాత హార్డ్ డిస్కుల్లోవి ఆ తర్వాత, తీరిక ఉన్నప్పుడు.

బ్యాకప్ మూడు కాపీలుగా ఉండాలి, అందులో ఒకటి వేరే చోట. క్లౌడ్ గురించి మీరు అడగలేదు గానీ, ఎవరో ఒకరు తప్పకుండా చెబుతారు. 50 ఎంబీపీఎస్ అప్‌లోడ్ ఆగకుండా వచ్చినా 480 జీబీ ఎక్కడానికి 21 గంటలు పడుతుంది, అది ఒక్కసారి పనే కాబట్టి ఫర్వాలేదు. నెలనెలా అద్దె మాత్రం కస్టమర్ ఆల్బమ్ తీసుకెళ్లి ఎన్నేళ్లయినా మీరే కట్టాలి. చిత్తూరులోనో మదనపల్లెలోనో చుట్టాలుంటే నెలకోసారి ఒక డిస్కు అక్కడ పెట్టి, ఇంకోటి తెచ్చుకోవడం చవక. 2021 నవంబర్ వానలకు తిరుపతి వీధుల్లో నీళ్లు నిలిచిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. మూడు కాపీలూ ఒకే కింది అంతస్తులో ఉంటే మూడు ఉన్నట్టు కాదు. ఇంట్లో ఉంచే బ్యాకప్ డిస్కును కూడా పని అవగానే ఊడదీయండి. వైరస్ వచ్చి ఫైళ్లకు తాళం వేస్తే, తగిలించి ఉన్న ప్రతి డిస్కుకూ వేస్తుంది. రెండు డిస్కుల్లోనూ ఒకేసారి ఒకే సమాచారం పడేలా రెయిడ్‌లో కలిపి అదే బ్యాకప్ అనుకోవడం కూడా తప్పు. ఒకటి చెడిపోతే కాపాడుతుంది గానీ, చేత్తో చెరిపితే రెండింటిలోనూ చెరిగిపోతుంది.

కొత్త కంప్యూటర్ ఇప్పుడు వద్దు. మీ నెమ్మదికి కారణం ప్రాసెసర్ కాదు. ఆ డబ్బులో కొంత పెట్టి మంచి హార్డ్ డిస్కులు రెండు, కరెంటు పోయినప్పుడు పది నిమిషాలు ఆదుకునే యూపీఎస్ ఒకటి కొనండి. డేటాబేస్‌ను మాత్రం చిన్న ఎస్‌ఎస్‌డీ మీదికి మార్చమని మరిదికి చెప్పండి. ఫోటోలు పోయాక అది 128 జీబీ ఎస్‌ఎస్‌డీలో ఒక మూలకు సరిపోతుంది.